జల్లెడను బట్టే చూపు
(డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం, హైదర్‌గూడ)



పదార్థాలను వేరు చేయడం గురించి హైదర్‌గూడలో మాట్లాడే అవకాశం రావడం నాకు ఎంతో సంతోషం. ఇక్కడికి దగ్గర్లోనే, నారాయణగూడలో, ఐపీఎం ఉంది. మనం తాగే నీళ్ళు, తినే పదార్థాలు పరీక్షకు వెళ్ళే చోటు అది. నీళ్ళలో ఏం కలిసిందో చెప్పాలంటే కలిసినదాన్ని ముందు విడదీయాలి. అక్కడ రోజూ జరిగే పని అదే. మరోవైపు చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం. అశోక్‌నగర్ గదుల్లో ఉండే పిల్లలు పొద్దున్నే వచ్చి అక్కడ చోటు వెతుక్కుంటారు. చదువుకునే రోజుల్లో నేనూ అలా వెతుక్కున్నవాణ్ణే. సుబ్బారావు గారి జీవితకథ మొదటిసారి చదివింది ఆ బల్లల దగ్గరే. అందుకే ఈ పిలుపు వచ్చినప్పుడు ఏం మాట్లాడాలని ఎక్కువసేపు ఆలోచించలేదు. వేరు చేయడం గురించి మాట్లాడతాను.

ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చదువు రాజమండ్రిలో, తర్వాత మద్రాసులో సాగింది. తోడబుట్టినవాళ్ళను స్ప్రూ అనే జబ్బు బలి తీసుకుంది. తిన్నది ఒంటికి పట్టదు, రక్తం పలచబడుతుంది, మనిషి నీరసించి రాలిపోతాడు. ఆ జబ్బు ఆయననూ పట్టుకుంది, ఆయన బయటపడ్డారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు పై అధికారికి కంటగింపయ్యారు. ఎంబీబీఎస్ రావలసిన చోట ఎల్ఎంఎస్ పట్టాతో బయటికి వచ్చారు. ఆ తర్వాత బోస్టన్ చేరారు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రి పూట కూలి పని చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. అక్కడ ఎన్నో ఏళ్ళు పరిశోధన చేసినా శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలకు వెళ్ళారు. ఫోలిక్ ఆమ్లం, ఆరియోమైసిన్, కేన్సర్‌పై వాడిన అమినోప్టెరిన్, బోదకాలుకు వాడే డీఈసీ, వీటన్నిటి వెనుకా ఆయన బృందం పని ఉంది. బోదకాలు మాత్రలంటూ ఆరోగ్య కార్యకర్తలు మన ఊళ్ళలో ఇంటింటికీ తిరిగి మింగించే మాత్రల్లో ఒకటి ఆ డీఈసీయే. మీలో చాలామంది దాన్ని మింగే ఉంటారు. మందు గుర్తుంది, మనిషి గుర్తులేడు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకు, ఆయన న్యూయార్క్‌లో కన్నుమూశారు. ఆయన శతజయంతి సంవత్సరం 1995లో మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.

ఆయన గురించి ఇంకా చాలా చెప్పొచ్చు. ఈ సాయంత్రం మాత్రం ఆయన పనిలోని ఒక్క గుణాన్ని పట్టుకుని, అక్కడి నుంచి ఇవాళ్టి నానో చిప్పుల దాకా నడుస్తాను. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే: సొంతంగా జల్లెడ కట్టుకున్నవాడికి, ఆ జల్లెడ ఎదురు తిరిగినప్పుడు కూడా అది ఏం చెబుతోందో తెలుస్తుంది. కొనుక్కున్నవాడికి గింజలు మాత్రమే దొరుకుతాయి.

1. ఆలస్యంగా వచ్చిన నీలం

రక్తంలో, కండరంలో ఫాస్ఫేటు ఎంతుందో కొలవడానికి సైరస్ ఫిస్కే, సుబ్బారావు కలిసి 1925లో ఒక పద్ధతి ప్రచురించారు. నమూనాలో మాలిబ్డేటు వేసి, తర్వాత మరో రసాయనం కలిపితే నీలి రంగు వస్తుంది. నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేటు అంత ఉన్నట్టు. బయోకెమిస్ట్రీ చదివిన పిల్లలు ఇవాళ్టికీ ఈ పరీక్ష చేస్తున్నారు. ఈ హాల్లో వెనక వరుసలో కొన్ని తలలు ఊగుతున్నాయి, చేసినవాళ్ళే అయ్యుంటారు.

ఇదే పరీక్షను కండరం నుంచి తీసిన ద్రవంపై చేస్తే ఒక తేడా కనిపించింది. నీలం రావలసిన వేగంతో రాలేదు. మెల్లగా, ఆగి ఆగి చిక్కబడింది. మరొకరైతే రసాయనాలు పాతబడ్డాయని సీసాలు మార్చి ఉండేవారు. వాళ్ళు అలా వదిలిపెట్టలేదు. పద్ధతి వాళ్ళు కట్టిందే. మామూలు ఫాస్ఫేటుకు రంగు ఎంతసేపట్లో రావాలో వాళ్ళకు తెలుసు. కనుక ఆలస్యానికి అర్థం ఉందని గ్రహించారు. ఫాస్ఫేటును పట్టుకుని ఉన్న పదార్థం ఏదో ఆమ్లంలో మెల్లగా విడిపోతోంది. వెతికితే దొరికింది ఫాస్ఫోక్రియాటిన్. సంవత్సరం 1927. అదే కాలంలో ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా వేరే దారిలో దీన్నే చేరుకున్నారు. 1929లో ఫిస్కే, సుబ్బారావు కండరంలో ఏటీపీని గుర్తించారు. జర్మనీలో లోమాన్ కూడా అదే ఏడాది గుర్తించాడు. ఒంట్లో ప్రతి కదలికకూ ఖర్చయ్యే నాణెం అది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఫాస్ఫోక్రియాటిన్ కండరంలో అప్పుడు కొత్తగా పుట్టలేదు. అంతకుముందు కొలిచినవాళ్ళ సీసాల్లోనూ అది ఉంది. కానీ వాళ్ళ పద్ధతిలో కొలత పూర్తయ్యేలోపే అది విరిగిపోయి, మామూలు ఫాస్ఫేటు లెక్కలో కలిసిపోయేది. జల్లెడ రంధ్రాలను మనవాళ్ళు కళ్ళు అంటారు. ఆ మాట ఊరికే పుట్టలేదు. జల్లెడ కళ్ళు ఎంతో, మనిషి చూపు అంత.

ఆ రోజుల్లో వేరు చేయడమంటే ఎంత చాకిరీయో కూడా చెప్పాలి. 1941లో అమెరికాలో మిచెల్, స్నెల్, విలియమ్స్ అనే ముగ్గురు నాలుగు టన్నుల పాలకూరను నూరి, వడకట్టి, కడిగి ఫోలిక్ ఆమ్లాన్ని చారెడు కూడా లేనంత రాబట్టారు. ఆ పేరు కూడా ఆకు అనే అర్థం ఉన్న లాటిన్ మాట నుంచి వచ్చింది. ఆ పదార్థం తాలూకు జాడను అంతకు పదేళ్ళ ముందే, 1931లో, లూసీ విల్స్ అనే వైద్యురాలు బొంబాయిలో పట్టుకుంది. గర్భిణులైన మిల్లు కార్మిక స్త్రీల రక్తహీనతను ఆమె ఈస్టు సారంతో నయం చేసింది. చివరికి 1945లో లెడర్లీలో సుబ్బారావు గారి నాయకత్వంలోని బృందం దాన్ని కృత్రిమంగా తయారు చేసింది. స్ప్రూ రోగులకు అది మందయింది. అన్నదమ్ములను మింగిన జబ్బుకు జవాబు ఆయన చేతుల మీదుగానే వచ్చింది.

2. జల్లెడ, చేట, తూర్పారగాలి

వేరు చేయడం మన ఇళ్ళకు కొత్త విద్య కాదు. అమ్మమ్మల కాలం నుంచి మూడు దారులున్నాయి. ఒకటి జల్లెడ: చిన్నది రాలుతుంది, పెద్దది మిగులుతుంది. రెండోది చేట: ఎగరేసి చెరిగితే పొట్టు ఒకవైపు జరుగుతుంది, గింజ మరోవైపు నిలుస్తుంది. మూడోది కళ్ళంలో తూర్పారబట్టడం: ఎత్తు నుంచి ధాన్యం పోస్తుంటే అడ్డంగా వీచే గాలికి తాలు దూరంగా పడుతుంది, గట్టి గింజ కాళ్ళ దగ్గర పడుతుంది. ఈ మూడో పద్ధతికి ఒక గొప్పతనం ఉంది. పని ఆపక్కర్లేదు. పోస్తూ ఉండొచ్చు, రెండు కుప్పలూ పెరుగుతూ ఉంటాయి. ఇది గుర్తుంచుకోండి, కాసేపట్లో దీని దగ్గరికే వస్తాం.

అణువుల లోకానికి వద్దాం. 1937లో స్వీడన్‌లో ఆర్నె టిసేలియస్ విద్యుత్తుతో రక్తంలోని ప్రోటీన్లను విడదీశాడు. ప్రోటీన్లకు విద్యుదావేశం ఉంటుంది, కాబట్టి విద్యుత్ క్షేత్రంలో ఒక్కోటి ఒక్కో వేగంతో పరుగెత్తుతుంది. 1948లో ఆయనకు నోబెల్ వచ్చింది. డీఎన్ఏ దగ్గర మాత్రం ఈ ఉపాయం చిక్కులో పడింది. డీఎన్ఏ పొడవు రెట్టింపైతే దాన్ని లాగే ఆవేశం రెట్టింపవుతుంది, నీటిలో దానికి ఎదురయ్యే రాపిడీ రెట్టింపవుతుంది. రెండూ సరిపోతాయి. పొట్టిదీ పొడుగుదీ నీటిలో భుజం భుజం కలిపి నడుస్తాయి.

అందుకే దారిలో అడ్డంకులు కావాలి. సముద్రపు నాచు నుంచి తీసిన అగరోజ్‌ను నీటిలో మరిగించి చల్లారిస్తే జున్నులా గడ్డకడుతుంది. దాన్నే జెల్ అంటారు. లోపల చూస్తే అది దట్టమైన ముళ్ళపొద. చిన్న డీఎన్ఏ సందుల్లోంచి త్వరగా దూరిపోతుంది, పెద్దది చిక్కుకుంటూ వెనకబడుతుంది. 1980ల చివర్లో ఇక్కడే మన సీసీఎంబీలో లాల్జీ సింగ్ గారి బృందం డీఎన్ఏ వేలిముద్రల పద్ధతిని సిద్ధం చేసింది. ఆ పద్ధతి నడిచింది ఇలాంటి జెల్ మీదే. ఎందరో బిడ్డల తండ్రులెవరో, ఎన్నో నేరాల్లో దోషులెవరో ఈ నగరంలో తేలడానికి ఆధారం జెల్‌లో విడివడిన గీతలే.

పొదకు ఒక హద్దు ఉంది. డీఎన్ఏ కొన్ని పదుల వేల అక్షరాలు దాటాక పాములా నిలువుగా సాగి, తల ముందు పెట్టి పొదలో దూరుతుంది. అప్పుడు పొడవు ఎంతైనా వేగం ఒకటే. 1984లో ష్వార్ట్జ్, కాంటర్ విద్యుత్ దిశను అటూ ఇటూ మారుస్తూ ఈ హద్దు దాటారు. పాము మలుపు తిరగాలంటే పొడుగుదానికి ఎక్కువసేపు పడుతుంది కదా. కానీ ఆ పరీక్షకు రోజు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ పడుతుంది. ఇంకో లోటు కూడా ఉంది. పొదలో ప్రతి సందూ ఒక్కో కొలతలో ఉంటుంది. అక్కడ అణువుకు ఏం జరిగిందో సరాసరి చెప్పగలమే తప్ప, కచ్చితంగా చెప్పలేం. ఆ జల్లెడ కళ్ళను మనం చేయలేదు, వాటంతట అవే ఏర్పడ్డాయి.

3. పొదను కొట్టి తోట వేయడం

1992లో ప్రిన్స్‌టన్‌లో వోల్క్‌ముత్, ఆస్టిన్ అనే ఇద్దరు పొద అవసరమే లేదన్నారు. కంప్యూటర్ చిప్పులు చేసే విద్యతో సిలికాన్ మీద వరుసలు వరుసలుగా చిన్న స్తంభాలు నిలబెట్టి, వాటి మధ్య డీఎన్ఏను నడిపించారు. గోదావరి జిల్లాల కొబ్బరి తోటను తలుచుకోండి. ప్రతి చెట్టుకూ మధ్య దూరం తెలుసు. తోటలోకి వెళ్ళినవాడు ఏ చెట్టుకు తగిలాడో, ఎంతసేపు ఆగాడో సూక్ష్మదర్శినిలో చూసి చెప్పొచ్చు. అణువుల వడపోత అంచనాల నుంచి కొలతల్లోకి వచ్చింది అప్పుడే.

ఈ తోట ఎలా వేస్తారు? గాజు పలకో సిలికాన్ పలకో తీసుకుని దాని మీద వెలుతురు సోకితే మారే పూత పూస్తారు. కావలసిన బొమ్మ ఉన్న ముసుగు పెట్టి అతినీలలోహిత కాంతి వేస్తారు. పూత కరిగిన చోట్ల మాత్రమే పలకను తొలుస్తారు. పైన మరో గాజు పలక అతికిస్తే కాలువ తయారు. ఇందులో ఒక తెలివైన మలుపు ఉంది. బొమ్మ వెడల్పును నిర్ణయించేది వెలుతురు. దాంతో మామూలు పరికరాలతో మైక్రోమీటరు కన్నా చాలా సన్నగా గీయడం కష్టం. కానీ లోతును నిర్ణయించేది కాలం. ఎన్ని క్షణాలు తొలిస్తే అంత లోతు. కాబట్టి వెడల్పు మైక్రోమీటర్లలో ఉన్నా, లోతును నానోమీటర్లలో తెచ్చుకోవచ్చు. అడ్డంగా వెడల్పుగా ఉండి, పైకప్పు మాత్రం నేలకు ఆనినట్టుండే గది లాంటిది. మనిషి దూరాలంటే పడుకుని పాకాలి. ఖరీదైన యంత్రం చేయలేని నానో పనిని ఓపికగా చూసిన గడియారం చేసింది.

4. పొడుగువాడే ముందు

ఈ ఉపాయాన్ని అందుకున్నవాళ్ళు కోర్నెల్‌లోని జాంగ్‌యూన్ హాన్, హెరాల్డ్ క్రెయిగ్‌హెడ్. కాలువలో ఒక లోతైన గది, తర్వాత ఒక ఇరుకు గుమ్మం, మళ్ళీ లోతైన గది, మళ్ళీ గుమ్మం, ఇలా వరుసగా కట్టారు. గది లోతు మైక్రోమీటర్లలో, గుమ్మం ఎత్తు 100 నానోమీటర్ల లోపు. మన తల వెంట్రుక మందంలో అది ఎనిమిది వందో వంతు అనుకోండి.

ఇప్పుడు డీఎన్ఏ సంగతి. లాంబ్డా అనే వైరస్ డీఎన్ఏలో 48,502 అక్షరాల జతలుంటాయి. నిలువుగా సాగదీస్తే పదహారు మైక్రోమీటర్ల పైమాట. నీటిలో వదిలేస్తే దారపు ఉండలా చుట్టుకుని ఒక మైక్రోమీటరు అడ్డకొలతకు సర్దుకుంటుంది. లోతు గదిలో ఆ ఉండ హాయిగా ఉంటుంది. గుమ్మం దాటాలంటే మాత్రం విప్పుకుని సన్నగా సాగాలి. ఉండకు అది ఇష్టం ఉండదు. ఎన్ని రకాలుగానైనా ముడుచుకునే స్వేచ్ఛను వదులుకోవాలి కాబట్టి. దీన్నే భౌతికశాస్త్రంలో ఎంట్రోపీ అడ్డంకి అంటారు. కనుక ప్రతి గుమ్మం దగ్గరా ఉండ ఆగుతుంది, విద్యుత్తు వెనక నుంచి నెడుతూ ఉంటుంది.

ఏది ముందు దాటుతుంది? చిన్న ఉండే అని మీరనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. 1999లో వాళ్ళు చూసింది దీనికి తలకిందులు. పొడుగు డీఎన్ఏనే ముందు దాటింది.

కారణం వింటే మీకే అందుతుంది. ఉండ మొత్తం ఒక్కసారిగా గుమ్మంలో దూరదు. అంచున ఎక్కడో ఒక చిన్న మెలిక గుమ్మంలోకి జారుతుంది. ఆ మెలిక కాస్త లోపలికి పోతే చాలు, విద్యుత్తు దాన్ని పట్టి మిగతా దారాన్నంతా లాగేస్తుంది. మగ్గం దగ్గర పనిచేసిన వాళ్ళకు తెలుసు, ఒక పోగు చేతికి చిక్కితే ఆసంతా విప్పుకొస్తుంది. పెద్ద ఉండ గుమ్మానికి ఎక్కువ మేర ఆనుకుని ఉంటుంది. అందుకని ఏదో ఒక మెలిక జారే అవకాశం దానికి ఎక్కువ. అదీ రహస్యం. 2000 సంవత్సరంలో వాళ్ళు దీన్ని పనిముట్టుగా మార్చి చూపించారు. 5,000 నుంచి సుమారు 1,60,000 అక్షర జతల డీఎన్ఏను, జెల్ లేకుండా, దిశ మార్చే విద్యుత్తు లేకుండా, 15 మిల్లీమీటర్ల కాలువలో విడదీశారు. చిటికెన వేలి గోరుకన్నా కాస్త ఎక్కువ పొడవు.

సుబ్బారావు గారి నీలం గుర్తొస్తోందా? పొదలో ఇలాంటి ఎదురు ఫలితం వస్తే పొద సరిగా గడ్డకట్టలేదని సరిపెట్టుకునేవాళ్ళం. ఇక్కడ ప్రతి గుమ్మం ఎత్తు వాళ్ళు తొలిచిందే. వాళ్ళకు కొలత తెలుసు, కాబట్టి తప్పు గుమ్మంలో లేదని తెలుసు. మిగిలింది అణువు స్వభావం మాత్రమే. అలా జల్లెడ ఎదురు తిరిగి ఒక ప్రకృతి నియమాన్ని చెప్పింది.

5. గాలికి పోసిన ధాన్యం

ఇప్పుడు తూర్పారబట్టే దగ్గరికి వచ్చాం. కాలువ ఒక్కటే ఉంటే కొంత నమూనా పోయాలి, విడిపోయేదాకా ఆగాలి, మళ్ళీ పోయాలి. జల్లెడతో ఇదే ఇబ్బంది. ఆగకుండా పోసే దారి లేదా?

2004లో ప్రిన్స్‌టన్‌లో హువాంగ్, కాక్స్, ఆస్టిన్, స్టర్మ్ కొబ్బరి తోటలో ఒక చిన్న మార్పు చేశారు. ప్రతి వరుసనూ ముందు వరుస కన్నా కాస్త పక్కకు జరిపారు. చిన్న రేణువు నీటి పాయతో పాటు చెట్ల మధ్య అటూ ఇటూ తిరిగి మొత్తం మీద నేరుగానే వెళ్తుంది. పెద్ద రేణువు పాయలో ఇమడదు, ప్రతి చెట్టూ దాన్ని ఒకే వైపుకు నెడుతుంది. వరుసలు దాటేసరికి రెండూ రెండు ఒడ్డులకు చేరతాయి. 2016లో ఐబీఎం పరిశోధకులు ఇదే తోటను నానో కొలతకు కుదించి, 20 నానోమీటర్ల దాకా ఉన్న రేణువులను, కణాలు విడిచే ఎక్సోజోమ్‌లను కూడా పక్కకు నడిపించగలిగారు.

ప్రోటీన్లు ఇంకా చిన్నవి. వాటి కోసం 2007లో ఎంఐటీలో జియాన్‌పింగ్ ఫు, హాన్, వారి సహచరులు మరో నిర్మాణం చేశారు. పక్కపక్కనే లోతైన కాలువలు, వాటిని కలుపుతూ వేల ఇరుకు గుమ్మాలు. ఒక విద్యుత్ క్షేత్రం అణువులను కాలువ వెంట నడిపిస్తుంది. మరొకటి అడ్డంగా, గాలిలా, గుమ్మాల వైపు లాగుతుంది. ఎక్కువ గుమ్మాలు దాటగలిగింది ఎక్కువ పక్కకు వెళ్తుంది, తక్కువ దాటింది దాదాపు నేరుగా వెళ్తుంది. పైన పోస్తూ ఉంటే కింద వేర్వేరు గొట్టాల్లో వేర్వేరు అణువులు చేరుతూ ఉంటాయి. కళ్ళంలో గింజ, తాలు, దుమ్ము వేర్వేరు దూరాల్లో పడ్డట్టే.

ఈ పనిముట్టులో నాకు బాగా నచ్చిన సంగతి రెండు నియమాలు ఒకే చోట కలవడం. గుమ్మంలో సులభంగా పట్టే పొట్టి డీఎన్ఏలో అయితే చిన్నది ముందు దాటుతుంది, మన వంటింటి జల్లెడ న్యాయం. గుమ్మంలో పట్టని పొడుగు డీఎన్ఏలో అయితే పెద్దది ముందు దాటుతుంది, ఇందాకటి దారపు ఉండ న్యాయం. ఒకే గుమ్మం ఇద్దరికి రెండు తీర్పులు ఇస్తుంది. ఏ పొడవు దగ్గర తీర్పు మారుతుందో కూడా చిప్ మీద కనిపిస్తుంది.

ఇంకొకటి. ఈ గుమ్మాన్ని తొలవకుండానే ఇరుకు చేయొచ్చు. గాజు గోడలకు నీటిలో ఋణావేశం ఉంటుంది. ద్రవంలోని ఉప్పు అయానులు ఆ ఆవేశాన్ని కప్పుతాయి. ఉప్పు చిక్కగా ఉంటే గోడ ప్రభావం ఒక నానోమీటరు దూరంలోనే ఆగిపోతుంది. ఉప్పును నూరో వంతుకు పలచన చేస్తే అది పది నానోమీటర్ల దాకా చాచుకుంటుంది. అంటే కొన్ని పదుల నానోమీటర్ల గుమ్మంలో ఋణావేశం ఉన్న ప్రోటీన్‌కు రెండు వైపుల నుంచీ దారి మూసుకుంటుంది. పరిమాణం ఒకటే అయినా ఆవేశం వేరైన ప్రోటీన్లు అప్పుడు విడిపోతాయి. చిటికెడు ఉప్పుతో జల్లెడ కళ్ళు మార్చగలిగే రోజు వచ్చింది.

6. చుక్కలో లేనిది

ఇంత చెప్పాక హద్దులు కూడా చెప్పడం నా బాధ్యత. మొదటిది, రక్తం శుభ్రమైన నీరు కాదు. కణాలు, కొవ్వు, అంటుకునే ప్రోటీన్లు నానో కాలువను నిమిషాల్లో పూడ్చేస్తాయి. పొలం కాలువలో పూడిక తీసే రైతుకు ఈ బాధ కొత్తగా చెప్పక్కర్లేదు. ముందుగా శుద్ధి చేసే అంచెలు లేకుండా చిప్ ఆసుపత్రి బల్ల మీద పనిచేయదు.

రెండోది లెక్క. ఒక జబ్బు తొలి గుర్తుగా ఉండే ప్రోటీన్‌వి ఒక మైక్రోలీటరులో 600 అణువులు మాత్రమే ఉన్నాయనుకోండి. ఒక సూది మొన మీద నిలిచే చుక్కలో అంత. నానో చిప్ ఒకసారికి తీసుకునేది నానోలీటరు అయితే, అందులో ఉండే సగటు అణువులు 0.6. అంటే ఎన్నోసార్లు అసలు ఒక్కటి కూడా ఉండదు. జల్లెడ ఎంత గొప్పదైనా అందులో పోయని గింజను అది చూపించలేదు. అందుకే ముందు పోగు చేయాలి. 2005లో వాంగ్, స్టీవెన్స్, హాన్ నానో కాలువ దగ్గర విద్యుత్తుతో ఒక అడ్డుకట్ట కట్టి, ప్రోటీన్లను దాని ముందు పది లక్షల రెట్లు చిక్కగా చేసి చూపించారు. పంటకు ముందు చెరువు నింపడం లాంటిది ఇది. ఈ పనులన్నీ ఒకే పలక మీద, ఒకదానికొకటి అందించుకుంటూ, రక్తపు చుక్క నుంచి జవాబు దాకా నడవాలి. దాని మీద పని సాగుతోంది. రేపటికల్లా మన ఐపీఎం బల్ల మీదికి వస్తుందని నేను చెప్పను.

7. జల్లెడ ఎవరిది

మరి ఇదంతా మనకెందుకు? ఒక ఉదాహరణ చెప్పి ముగిస్తాను.

1949లో లైనస్ పాలింగ్, ఆయన సహచరులు సికిల్‌సెల్ రోగుల హీమోగ్లోబిన్‌ను విద్యుత్ క్షేత్రంలో నడిపించి చూశారు. అది మామూలు హీమోగ్లోబిన్ కన్నా భిన్నంగా కదిలింది. ఒక జబ్బుకు మూలం ఒకే అణువులో ఉందని లోకానికి తెలిసింది అప్పుడే. ప్రోటీన్ గొలుసులో ఆరో స్థానంలో ఆవేశమున్న గ్లుటామిక్ ఆమ్లం పోయి, ఆవేశం లేని వాలీన్ చేరడమే తేడా అని తర్వాత ఇంగ్రాం తేల్చాడు. 1952లో నీలగిరి గిరిజనుల్లో ఈ జబ్బు ఉందని మన దేశంలో మొదటిసారి గుర్తించారు. ఉట్నూరు, భద్రాచలం, పాడేరు ఏజెన్సీల్లో ఇది ఇప్పటికీ పిల్లల ఎముకల్లో నొప్పిగా ఉంది. 2023లో కేంద్రం మొదలుపెట్టిన కార్యక్రమం గిరిజన ప్రాంతాల్లో నలభై ఏళ్ళలోపు ఏడు కోట్ల మందిని పరీక్షించాలని లక్ష్యం పెట్టుకుంది.

పరీక్షల్లో చౌకైనది ద్రావణం మసకబారుతుందా లేదా చూసేది. అది ఉంది, లేదు అని మాత్రమే చెబుతుంది. జబ్బున్న బిడ్డకూ, జబ్బు లేకుండా ఆ జన్యువును మోసే బిడ్డకూ తేడా చెప్పలేదు. పసికందుల్లో అయితే అసలు నమ్మదగింది కాదు. పెళ్ళి ముందు, కాన్పు ముందు ఒక కుటుంబం తెలుసుకోవలసింది ఆ తేడానే. అది తెలియాలంటే రెండు హీమోగ్లోబిన్‌లనూ వేరు చేయాలి. మళ్ళీ జల్లెడే. ఆ జల్లెడ కొండమీద సంతలో, కరెంటు నిలకడ లేని ఉపకేంద్రంలో, ఒక వేలి చుక్కతో పనిచేయాలి. అది నానో చిప్పే కావాలని నేననను. కాగితపు పట్టీ చాలితే కాగితపు పట్టీయే మేలు. నా మాటల్లా ఆ జల్లెడ ఎవరు చేయాలన్న ప్రశ్న గురించే. దూరదేశంలో జల్లెడ చేసేవాడు తన ఊరి ధాన్యానికే కళ్ళు తీస్తాడు, అందులో తప్పేమీ లేదు. మన ఏజెన్సీ ధాన్యానికి కళ్ళు తీయవలసింది మనమే.

చేయగలమా? చిప్పులు చేసే శుభ్రగదులు బెంగళూరు ఐఐఎస్సీలో, బొంబాయి ఐఐటీలో ఉన్నాయి. వేరే ఊళ్ళ పరిశోధకులు వెళ్ళి వాడుకునే ఏర్పాటూ ఉంది. మన నగరం చుట్టూ కంది ఐఐటీలో, బిట్స్ ప్రాంగణంలో సూక్ష్మ కాలువల మీద పనిచేసే యువకులున్నారు. సీసీఎంబీలో అణువులు తెలిసినవారున్నారు. ఆసుపత్రులకు కొదవ లేదు. ఇందాకటి మాటే గుర్తు చేస్తాను: వెడల్పు యంత్రం ఇస్తుంది, లోతు ఓపిక ఇస్తుంది. మన దగ్గర మొదటిది కొంత తక్కువైనా, రెండోదానికి కరువు రానీయకూడదు.

ఆఖరుగా, గ్రంథాలయం నుంచి నేరుగా ఇక్కడికి వచ్చిన పిల్లలకు ఒక మాట. మీరు రాసే పరీక్షల్లో నాలుగు జవాబులిచ్చి ఒకటి ఏరమంటారు. అది కష్టమైన పనే, మీ కష్టం నాకు తెలుసు. కానీ మీలో ఎవరైనా ప్రయోగశాల వైపు వస్తే, అక్కడ జవాబులు ముందే పేర్చి ఉండవు. జల్లెడ మీరే కట్టుకోవాలి. దాని ప్రతి కన్నూ ఎంతుందో మీకు తెలియాలి. అప్పుడు ఒకరోజు రంగు రావలసిన సమయానికి రాకపోతే, ఆ సీసాను పారబోయకండి. గడియారం చూసి, ఎంతసేపటికి వచ్చిందో రాసుకోండి. భీమవరం నుంచి వెళ్ళిన ఒక మనిషి సరిగ్గా అదే చేశాడు.